తిరగేసి కుట్టిన కోటు

క్షమాపణ కాగితం కాజాలక్క చేతికి వచ్చినప్పుడు నేను ఆవిడ కొట్లోనే ముక్కాలిపీట మీద కూర్చుని పాత పత్రిక తిరగేస్తున్నాను. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని కాగితం చదివింది. వెనకవైపు ఇంకేమైనా రాశారేమోనని తిప్పి చూసింది. ఏమీ లేదు. నాలుగు మడతలు పెట్టి, వంగి, కుట్టుమిషను ఎడమకాలి కిందికి దూర్చింది. ఆ కాలు చాలాకాలంగా నేల అందక టకటకలాడుతోంది. మిషన్ను చేత్తో ఊపి చూసింది. కదల్లేదు.

"ఇన్నాళ్లకు మీ సొసైటీ వల్ల నాకో మేలు జరిగింది," అంది.

కాగితం తెచ్చిన లైబ్రేరియన్ గొడుగు మడవకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. మంచివాడు. మంచివాళ్లకే ఇలాంటి పనులు అప్పజెబుతారు.

"అక్కా, నన్ను చంపకు. వచ్చే సినిమా రోజుకి సంతకం కావాలన్నారు. లేదంటే కార్డు వెనక్కి ఇచ్చెయ్యమన్నారు."

"అందులో ఏముందో నువ్వు చదివావా?"

"చదవడమేంటి, టైపు చేసిందే నేను."

"అయితే చెప్పు. నీ నోటితో వింటా."

అతను గొడుగు వైపు చూస్తూ చెప్పాడు. "సభలో అధ్యక్షులవారిని అవమానించాను. సినిమా కళ గురించి నాకు తెలియని విషయాలు మాట్లాడాను. ఇకమీదట చర్చలో నోరు... అంటే, సంయమనం పాటిస్తాను."

"మొదటిదానికి కావాలంటే పెడతా. ఆయన్ని అన్నమాట నిజమే. రెండోదానికి చచ్చినా పెట్టను. తెలిసిందే మాట్లాడాను. రెండింటినీ ఒకే కాగితం మీద కలిపి కుట్టారు చూడు, అదీ తప్పు. వెళ్లి చెప్పు."

"నేనా? నాకెందుకక్కా మధ్యలో," అంటూ అతను వానలోకి వెళ్లిపోయాడు.

ఈ గొడవ అర్థం కావాలంటే ముందు సొసైటీవాళ్ల తెర గురించి చెప్పాలి. తెర కంటే ముందు ఈవిడ గురించి చెప్పాలి. నా కథలన్నీ ఇలాగే వెనక్కి నడుస్తాయి.

పదహారో ఏట ఈవిడ ఒక కోట్ల మేస్త్రీ దగ్గర కాజాలు కుట్టడానికి చేరింది. బొత్తాం దూరే కన్నం చుట్టూ దారంతో గట్టి అంచు కట్టడం, అంతే పని. కోటుకి మూడు, చేతులకి నాలుగేసి. తొమ్మిదేళ్లు అదే కుట్టింది. తరవాత అస్తర్లు, కాలర్లు, చివరికి కోటు మొత్తం వచ్చింది. కోటు మొత్తం వచ్చేసరికి మేస్త్రీ పోయాడు, కొట్టు మూతపడింది, జనం కుట్టించుకోవడం మానేసి కొనుక్కోవడం మొదలుపెట్టారు. అప్పట్నుంచీ మెట్లకింద గదిలో పాతబట్టలు బాగుచేస్తోంది. జిప్పులు మారుస్తుంది, ప్యాంట్లు పొట్టి చేస్తుంది, లావైన పెళ్లికొడుకుల కోసం నడుములు వదులు చేస్తుంది. గది ఎంతంటే, రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. ఇస్త్రీబల్లే మధ్యాహ్నం భోజనం బల్ల. అరవైకి దగ్గర పడుతోంది. మొగుడు లేడు, కొడుకు ఓడల మీద ఉంటాడు, కోడలు బస్సుస్టాండులో టికెట్ల కిటికీ దగ్గర కూర్చుంటుంది. అత్తాకోడళ్లిద్దరూ రోజంతా జనంతో మాట్లాడి వచ్చి, రాత్రి ఒకరితో ఒకరు మాట్లాడుకునేది ఎత్తిపొడుపులే. ఇంత సఖ్యంగా ఉన్న ఇల్లు నేను తక్కువ చూశాను.

ఆ మెట్లెక్కితే పైన నా గది. రెండు నెలలుందామని వచ్చాను. మూడేళ్లయింది.

ఇక తెర. నేను ఉద్యోగం పేరుతోనూ, ఏ పేరూ లేకుండానూ చాలా ఊళ్లు తిరిగాను. ఏ ఊళ్లో ఫిలిం సొసైటీకి వెళ్లినా ఒకటే గది. ఎవరెవరో ఇచ్చిన కుర్చీలు, ఒక్కోటీ ఒక్కో ఎత్తు. కిటికీలకు నల్లగుడ్డ. ముందు వరసలో చెవులు సరిగ్గా వినపడని పెద్దమనిషి, చివరి వరసలో ఇంటికి వెళ్లడం ఇష్టంలేక వచ్చినవాడు. ఆ చివరి వరస నాకు చాలా ఊళ్లలో పరిచయం. అర్థం కాని పుస్తకం అలమరలో ఉండి ఏళ్ల తరబడి మనల్ని వెక్కిరిస్తుంది గానీ అర్థం కాని సినిమా అలా కాదు, లైట్లు వెయ్యగానే మర్యాదగా వెళ్లిపోతుంది. అందుకే నాకు సినిమాలంటే భయం లేదు.

ఈ ఊరి సొసైటీ గ్రంథాలయం పైఅంతస్తులో నడుస్తుంది. నెలకు రెండు ఆదివారాలు, మధ్యాహ్నం మూడు గంటలకి. నేనీ ఊరు వచ్చిన ఏడాదే, గోడలకు సున్నం వేస్తామని తెర దించుతుంటే మేకు పట్టుకుని అది ఈ చివరనుంచి ఆ చివరిదాకా చిరిగింది. కాజాలక్కను పిలిచారు. రెండు రోజులు నేలమీద మోకాళ్ల మీద పాకుతూ కుట్టింది. మూడో వరస దాటితే ఆ కుట్టు కనపడదు. ఏం తీసుకుంటావని అడిగితే, "ఓ కుర్చీ ఇవ్వండి చాలు," అంది. అలా వచ్చింది సభ్యత్వం కార్డు. దానిమీద 'జీవితాంతం' అని ఎర్రసిరాతో రాసి ఉంది.

అప్పట్నుంచి ఒక్క ఆదివారం మానలేదు. రెండో వరసలో గోడపక్క కుర్చీ. మొదట్లో సినిమా కోసం కాదు, తన కుట్టు ఎలా నిలుస్తోందో చూసుకోవడానికి వెళ్లేదట. చీకటి బొమ్మల్లో కుట్టు కనపడదు. ఎండ, మంచు, తెల్లటి ఆకాశం వస్తే మాత్రం సన్నటి తీగలా అడ్డంగా తేలుతుంది. అలా కుట్టును కాపలా కాస్తూ కాస్తూ సినిమాల్లో పడిపోయింది.

"అత్తయ్యా, ఇవాళ దాంట్లో పాటలున్నాయా?" అని కోడలు అడిగేది.

"లేవు."

"కొట్టుకోవడాలు?"

"లేవు."

"మాటలన్నా ఉన్నాయా?"

"ఒకటో రెండో ఉన్నాయి."

"మా కిటికీ దగ్గరికొచ్చి నిలబడండి. అంతకంటే ఎక్కువే ఉంటాయి, ఊరికే చూడొచ్చు."

గొడవ తెచ్చిన సినిమాలో నిజంగానే మాటలన్నీ కలిపితే ఒక పోస్టుకార్డు మీద పట్టేస్తాయి. చలిదేశం సినిమా, నలుపూ తెలుపూ, నా వయసంత పాతది. ఒక మనిషి మంచులో రైలు దిగుతాడు. ఒంటిమీద మంచి నల్లకోటు, ఎడమ ఛాతీమీద జేబు. ఆ జేబులోంచి చీటీ తీసి చూసుకుని ఒక ఇంటికి వెళతాడు. అక్కడొకావిడ అతనికి గది అద్దెకిస్తుంది. ఇద్దరూ మాట్లాడుకోరు. ఒకరోజు అతను గడ్డకట్టిన సరస్సు మీద నడుస్తూ ఉంటాడు. మంచు పగిలిన చప్పుడు. తెరంతా తెల్లగా అయిపోతుంది. తరవాత చాలాసేపు ఒక కిటికీ. ఆవిడ మనవైపు వీపు పెట్టి, కొంచెం ఓరగా కూర్చుని ఉంటుంది. ఒళ్లో ఏదో నల్లటి పోగు. దానిమీద ఆవిడ చేయి కదులుతూ ఉంటుంది. కదులుతూనే ఉంటుంది. నేనో కునుకు తీసి లేచినా ఇంకా కదులుతూనే ఉంది. ఆ తరవాత మళ్లీ అదే స్టేషను, అదే మనిషి, అదే కోటు. ఈసారి జేబు కుడివైపుంది. అతని చేయి ఎడమ ఛాతీని తడుముతుంది, ఏమీ దొరకదు, ఆగుతుంది, కుడివైపుకి వెళ్లి టికెట్టు తీస్తుంది. రైలెక్కుతాడు. అయిపోయింది.

సొసైటీ అధ్యక్షుడు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషి. అందరూ లెక్చరరుగారంటారు. ఈ సినిమా మీద ఆయన ఇరవయ్యేళ్ల కిందట ఒక పుస్తకం రాశాడు. పేరు 'ఒడిలో నల్లకుక్క'. ఆ పుస్తకం వల్ల ఆయన్ని వేరే ఊళ్లవాళ్లు కూడా పిలిచి శాలువాలు కప్పారు. నాలుగేళ్లకోసారి ఆ సినిమా తెప్పించి, చూపించి, తరవాత చర్చలో దాని అర్థం ఆయనే చెబుతాడు. ఆ రోజూ చెప్పాడు. అతను సరస్సులో మునిగి చనిపోయాడు. ఆ స్త్రీ నిమురుతున్నది చచ్చిన నల్లకుక్కని, అంటే మృత్యువుని. చివర్లో కనిపించేది అతను కాదు, అద్దంలో అతని నీడ. పరలోకంలో కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుకే దర్శకుడు ఫిలిమును తిరగేసి ముద్రించాడు. ఆ చేయి వెతికేది గుండెకాయ కోసం. అది అక్కడ లేదు.

న్యాయంగా చెప్పాలంటే ఆయన చాలా అందంగా చెప్పాడు. నేనూ నమ్మాను. జనం తలలూపారు. చెవులు వినపడని పెద్దమనిషి అందరికంటే ఎక్కువగా ఊపాడు.

రెండో వరసలో చేయి లేచింది.

"మాస్టారూ, అది కుక్క కాదండీ. కోటు."

"ఏ కోటమ్మా?"

"అతని కోటే. ఆవిడ కుట్లు విప్పుతోంది. కుక్కని నిమిరితే చేయి సాగుతుందండీ. ఆవిడ చేయి ఇంతింతే లేస్తోంది, కుట్టుకో లేపు. మధ్యలో ఓసారి పెదాల మీంచి దారప్పోగు తీసి పారేసింది కూడా. కుక్కకి దారాలెక్కడివి?"

అక్కడక్కడ నవ్వులు. లెక్చరరుగారు కూడా నవ్వాడు, ఓపిగ్గా. "అలాగే అనుకుందాం. మరి జేబు కుడివైపుకి ఎలా వచ్చింది?"

"తిరగేసి కుట్టింది కాబట్టి. పైబట్ట అరిగిపోతే కోటంతా విప్పేసి, ముక్కముక్కనీ లోపలివైపు పైకొచ్చేట్టు తిప్పి మళ్లీ కుడతారండీ. లోపలి బట్ట కొత్తగానే ఉంటుంది కదా. అలా తిప్పితే ఎడమముక్క కుడివైపుకి పోతుంది. జేబు కోసిన కోత ఎక్కడికి పోతుంది, దాంతోపాటే పోతుంది. మా మేస్త్రీ దగ్గర నేనే పాతిక కోట్లు తిప్పాను."

"ఫిలిమును తిరగేశారమ్మా. కోటును కాదు."

"ఫిలిము తిరగేస్తే స్టేషను బోర్డు కూడా తిరగబడాలిగా? మొదట్లో ఎలా ఉందో చివర్లోనూ అలాగే ఉంది. ఆ భాష నాకు రాదు. కానీ మొదటి అక్షరం పొట్ట ఎటువైపుందో చూశాను. కుడివైపే. రెండుసార్లూనూ."

ఆవిడ అక్కడితో ఆగితే బాగుండేదేమో. ఆగలేదు. "ఇంకోటండీ. ఒక మంచికోటు తిప్పాల్సినంత అరగాలంటే ఆరేడేళ్లు పడుతుంది. అంటే అతను చచ్చిపోలేదు. ఆ ఇంట్లోనే ఆరేడేళ్లు ఉన్నాడు. మంచు పగిలితే పగిలింది, పాక్కుంటూ బయటికొచ్చుంటాడు."

ఇరవయ్యేళ్లుగా చచ్చి ఉన్న మనిషిని ఆవిడ రెండు వాక్యాల్లో బతికించేసింది. లెక్చరరుగారి ముఖం మారింది. "చూడమ్మా, నువ్వు ప్యాంట్లు పొట్టి చేసుకో. సినిమాని పొట్టి చెయ్యకు," అన్నాడు.

జనం నవ్వారు. ఆవిడ కూడా నవ్వి, "మీ ప్యాంట్లు పొట్టి చేసేదీ నేనే కద మాస్టారూ. మీ ఎత్తు నాకు తెలుసు," అంది.

ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. లైబ్రేరియన్ ఎవరికీ కనపడకుండా నవ్వుదామని ప్రొజెక్టరు వెనక్కి వంగి, తలకి దెబ్బ తగిలించుకున్నాడు. మర్నాడు అతని చేతే కాగితం టైపు చేయించారు.

ఆవిడకు ఆ కుర్చీ అంటే ఏమిటో నాకు తెలుసు. వారం పొడుగునా ఇతరుల నడుముల దగ్గరా చీలమండల దగ్గరా వంగి ఉండే మనిషి. రెండు వారాలకోసారి రెండు గంటలు తలెత్తుకుని కూర్చునేది అక్కడే. అందుకే ఒకసారి నచ్చజెప్పబోయాను.

"ఒక్క సంతకం అమ్మా. ఆయన ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది మర్చిపోతాడు. నీ కుర్చీ నీకుంటుంది."

ఆవిడ పళ్లమధ్య గుండుసూదులు పెట్టుకుని ఉంది. అవి ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చి, అప్పుడు మాట్లాడింది.

"బాబాయ్గారూ, నల్లబట్ట మీద నల్లదారం విప్పడం ఎలా ఉంటుందో మీకు తెలీదు. పగటి వెలుతురు కావాలి. అందుకే ఆవిడ కిటికీ దగ్గర కూర్చుంది. కోటుకి ఎన్ని కుట్లుంటాయో లెక్క లేదు. ఒక్కటి గట్టిగా లాగినా బట్ట చిరుగుతుంది. అంత కష్టపడి చేస్తే ఇరవయ్యేళ్లుగా అందరూ కూర్చుని కుక్క, కుక్క అంటున్నారు. నేను సంతకం పెడితే నేనూ కుక్క అన్నట్టే. ఆవిడ తరఫున మాట్లాడ్డానికి ఈ ఊళ్లో ఇంకెవరున్నారు?"

"ఆవిడ సినిమాలో మనిషి."

"అయితే?"

ఇన్ని పుస్తకాలు చదివాను. వాటిల్లో మనుషుల కోసం నేనెప్పుడైనా ఒక కుర్చీ వదులుకున్నానా అని ఆలోచిస్తే గుర్తు రాలేదు.

"ఒక్కటి మాత్రం నాకూ తేలట్లేదు," అంది ఆవిడ మళ్లీ సూది అందుకుని. "అన్నేళ్లున్నవాడు ఎందుకు వెళ్లిపోయాడు? ఎందుకో ఒకందుకు పోయాడు, సరే. పోయేవాడి కోటు ఈవిడెందుకు కుట్టింది? కోటు కుట్టించుకుని, వెచ్చగా తొడుక్కుని, చెప్పకుండా చక్కాపోయాడా? అదే నిజమైతే ఆవిడంత వెర్రిది లేదు. అది తలుచుకుంటే నాకు అన్నం సయించట్లేదు."

"లెక్చరరుగారి కుక్క నయం అత్తయ్యా," అంది ఇస్త్రీబల్ల మీద భోజనం సర్దుతున్న కోడలు. "అది చచ్చి ఊరుకుంది. మీ కోటు మా ఇంటిమీద పడింది."

ఆవిడ కోడలి మాట వినిపించుకోకుండా నావైపు ఎగాదిగా చూసింది. "బాబాయ్గారూ, మీ కోటు ఇటివ్వండి."

"దీనికేమైంది?"

"మీకు కనపడదు. వెనక నిలబడ్డవాళ్లు మీ వీపు నునుపులో చూసుకుని తల దువ్వుకుంటున్నారు."

నిజమే. ఆ కోటు నాతో పదిహేనేళ్లు తిరిగింది. బూడిదరంగు ఉన్ని, మోచేతుల దగ్గర అద్దంలా నునుపు. ఇచ్చేశాను. అది తిరిగొచ్చేదాకా పది రోజులు దుప్పటి కప్పుకుని తిరిగాను.

నేను చూస్తుండగానే ఆవిడ దాన్ని చంపింది. మొదట కాలరు ఊడింది, తరవాత చేతులు, తరవాత అస్తరు. మడతల్లోంచి ఎన్నో ఊళ్ల దుమ్ము రాలింది, ఏ ఊరిదో తెలియని ఒక బస్సు టికెట్టు కూడా. ముక్కల్ని ఉతికి, ఆరేసి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసి, తిరగేసి బల్లమీద పరిచింది. లోపలి రంగు అప్పుడు చూశాను. నేను కొన్నది ఆ రంగు. బూడిద కాదు, మబ్బురంగు. పదిహేనేళ్లూ నా ఒంటికి ఆనుకునే ఉంది, నాకు తెలీదు. పాత కాజాల కన్నాల్ని అదే ఉన్నిదారంతో రఫూ చేసింది, వేలితో తడిమితే తప్ప తెలియకుండా. కొత్త కాజాలు రెండోవైపు కోసింది. జేబు మాత్రం చెప్పినట్టే కుడి ఛాతీమీదకి వచ్చి కూర్చుంది.

ఆదివారం అది తొడుక్కుని వెళ్లాను. ముప్ఫైమంది ఉన్నారు. అందరూ పలకరించారు. లెక్చరరుగారు నా కోటు బాగుందని కూడా అన్నాడు. జేబు ఎటువైపుందో ఒక్కరూ చూడలేదు. బొమ్మలు చూడటమే వ్యసనంగా ఉన్న ముప్ఫైమంది.

సినిమా మొదలయ్యేముందు లెక్చరరుగారు బల్లదగ్గర నిలబడి, ఒక సభ్యురాలి విషయం తేల్చాల్సి ఉందన్నాడు. కాగితం ఏదని అడిగాడు.

"మిషను కింద ఉందండీ," అంది కాజాలక్క. "తీస్తే మిషను ఊగుద్ది."

ఆయన దగ్గర ఇంకో ప్రతి ఉంది. ఉంటుందని నాకు తెలుసు. "ఎవరి పక్షమూ కానివాళ్లు చదివితే బాగుంటుంది," అంటూ నావైపు చాపాడు. "మీరు పెద్దవారు, ఈ ఊరివారు కూడా కాదు."

లేచి అందుకున్నాను. అద్దాలు లేకుండా నాకు అక్షరం కనపడదు. చేయి ఎప్పటిలా ఎడమ ఛాతీమీదికి వెళ్లింది. అక్కడ జేబు లేదు. అరచేతి కింద ఉత్త ఉన్ని. ఒక్క క్షణం నాకేమీ తోచలేదు. అద్దాలు పోయాయనే అనుకున్నాను. చేయి అక్కడే ఆగిపోయింది. తరవాత గుర్తొచ్చి కుడివైపుకి జరిగింది.

"ఆగండి," అంది కాజాలక్క. లేచి నిలబడింది. "బాబాయ్గారూ, కదలకండి."

నేను కదల్లేదు. అద్దాలు సగం జేబులో, సగం బయట.

ఆవిడ నన్ను చూడ్డంలేదు. నా చేతిని చూస్తోంది. గదిలో వాళ్లు ఇప్పుడు నా చేతినీ, జేబునీ, ఒకరి తరవాత ఒకరు చూడటం మొదలుపెట్టారు. "అరె," అన్నాడు లైబ్రేరియన్.

"ఎన్ని రోజులైంది కోటు మీకిచ్చి?" అని అడిగింది.

"నిన్న సాయంత్రం ఇచ్చావు."

"అదీ సంగతి. ఆర్నెల్లు తొడుక్కుంటే చేయి తిన్నగా కుడివైపుకే పోతుంది. అతని చేయి కూడా ముందు ఎడమవైపుకే పోయింది." ఆవిడ గొంతు కొంచెం తగ్గింది, మాకు కాక తనకే చెప్పుకుంటున్నట్టు. "అంటే కోటు అప్పుడే తిప్పింది. ఆ ప్రయాణానికే తిప్పింది. అతను పోతాడని ఆవిడకి తెలుసు. దొంగతనంగా ఏం పోలేదు. ఆవిడే సిద్ధం చేసి పంపింది. చిరుగుకోటుతో రైలెక్కకూడదని." నా జేబు వైపు చూసి తలూపింది. "వెర్రిది కాదు. నేనే వెర్రిదాన్ని. చూసి కూడా కనుక్కోలేకపోయాను."

వెనక వరసలో ఒకావిడ ముక్కు చీదుకుంది.

అప్పుడు లెక్చరరుగారి వైపు తిరిగింది. "మాస్టారూ, మీ లెక్కన ఈయన గుండెకాయ కుడివైపుంది. ఈయన పోయాడంటారా? వెతుక్కుంది గుండెకాయ కోసం కాదండీ. కళ్లజోడు కోసం."

గది గొల్లుమంది. లెక్చరరుగారు నవ్వలేదు. బల్ల దాటి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. కోటు అంచు పట్టుకుని, పాత కాజాల చోట బొటనవేలితో మెల్లగా తడిమాడు. ఆ వేలు రఫూ మీద ఆగింది. ఆయన కళ్లల్లోకి దగ్గర్నుంచి చూశాను. ఆయనకు తెలిసింది. ఇరవయ్యేళ్ల పుస్తకం, శాలువాలు, అన్నీ ఆ వేలికింద ఉన్నాయి. నాకు జాలేసింది. ఆవిడకు వెయ్యలేదు.

"ఇది కోటు విషయం," అన్నాడు చివరికి వెనక్కి నడుస్తూ. "నేను మాట్లాడేది కళ విషయం. నియమం నియమమే. సంతకమా, కార్డా?"

కాజాలక్క చేతిసంచి తెరిచి కార్డు తీసి బల్లమీద పెట్టింది. ఎర్రసిరా పైకి కనపడేలా. తరవాత అదే సంచిలోంచి కుట్లువిప్పే చిన్నకత్తెర తీసి కార్డు పక్కన పెట్టింది.

"కార్డు మీది, తీసుకోండి. కుట్టు నాది. ఆ కుర్చీ ఇచ్చింది దానికోసమే కదా. కుర్చీ వెనక్కి కావాలంటే కుట్టు నేను పట్టుకుపోతా. ఓ చివర కోసి లాగితే ఐదు నిమిషాల పని. లేదంటే ఆ కుట్టు ఉన్నన్నాళ్లు నేనిక్కడే కూర్చుంటా, చర్చలో మాట్లాడతా. ఏదో ఒకటి చెప్పండి మాస్టారూ. మూడు దాటింది, జనం ఎదురుచూస్తున్నారు."

అందరూ తెరవైపు చూశారు. బొమ్మ లేని తెరను జనం అంత శ్రద్ధగా చూడటం నేనెక్కడా చూడలేదు. లైటు వెలుతురులో ఆ కుట్టు ఈ చివరనుంచి ఆ చివరిదాకా తిన్నగా కనపడుతోంది. మూడేళ్లుగా దానిమీద ఎన్ని సరస్సులు, ఎన్ని రైళ్లు, ఎన్ని ముఖాలు నడిచాయో.

లెక్చరరుగారు కత్తెర వైపు చూశాడు. తెరవైపు చూశాడు. లైబ్రేరియన్‌తో, "లైటు తీసెయ్," అన్నాడు.

కాజాలక్క కత్తెర తీసుకుని సంచిలో వేసుకుంది. కార్డు బల్లమీదే వదిలేసింది. వెళ్లి గోడపక్క కుర్చీలో కూర్చుంది, ఆవిడ పక్కన నేను. ఆ పుస్తకంలో ఇప్పటికీ కుక్కే ఉంది, ఆ కార్డు ఇప్పటికీ లైబ్రేరియన్ సొరుగులో ఉంది. నాకు చదవమని ఇచ్చిన క్షమాపణ ప్రతిని మాత్రం ఎవరూ తిరిగి అడగలేదు. నా కొత్త జేబులోనే పడుంది.

ఆరోజు సినిమా వేరే దేశానిది. ఎండ, నది, పడవ. నీళ్ల తెలుపు మీద కుట్టు మెరిసింది. పది నిమిషాలు కాకముందే ఆవిడ నావైపు వంగింది.

"బాబాయ్గారూ, ఆ పడవవాడి చొక్కా చూశారా?"

ముందు వరసలోంచి ఎవరో ఉష్ అన్నారు.

"సరే, చర్చలో చెప్తా," అంది, గదంతా వినపడేలా.